బత్తాయి పూత కాలం, పదో తరగతి

మాఘమాసంలో నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే పల్లెవెలుగు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, కనగల్ దాటిన తర్వాత ఒకచోట డీజిల్ వాసనను, కాళ్ల దగ్గరున్న కొత్తిమీర గంప వాసనను పక్కకు నెట్టి బత్తాయి పూత వాసన ఒక్కసారిగా లోపలికి వస్తుంది. తోట ఎక్కడుందో కనిపించదు, వాసన మాత్రం ముఖానికి తగులుతుంది. మొన్న సెలవుకు ఇంటికి వెళ్తుండగా ఆ వాసన రాగానే నాకు మొదట గుర్తుకొచ్చింది తోట కాదు, పదో తరగతి ప్రీఫైనల్ పరీక్షల టైమ్‌టేబుల్.

మా ప్రాంతంలో ఈ రెండూ ఒకే కాలంలో వస్తాయి. రైతులు డిసెంబరులో తోటకు నీళ్లు ఆపి, ఆకు వడలేదాకా బెట్టకు వదిలి, సంక్రాంతికి అటూ ఇటూగా ఎరువు వేసి మళ్లీ తడి ఇస్తారు. ఆ తడికి చెట్టు పూతకు వస్తుంది. సరిగ్గా అప్పటికే బడిలో సిలబస్ పూర్తయి ప్రత్యేక తరగతులు మొదలై ఉంటాయి. మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రహరీ అవతలే ఒక తోట ఉండేది కాబట్టి, త్రికోణమితి లెక్కలు ఆ వాసనలోనే నేర్చుకున్నాం. ప్రధానోపాధ్యాయులు ఏటా జనవరి ప్రార్థనలో ఆ తోటనే చూపించి, చెట్టును ఎండబెడితేనే పూత వస్తుందని, మేము కూడా ఈ రెండు నెలలు నిద్ర, ఆట, టీవీ మానుకోవాలని చెప్పేవారు. ఆయన మంచి ఉద్దేశంతోనే చెప్పేవారు. కానీ తోటలున్న ఇళ్ల పిల్లలం చాలామందిమి ఆ వరుసల్లో నిలబడి ఉండేవాళ్లం. బెట్ట నాలుగు రోజులు ఎక్కువైతే ఏమవుతుందో, బోర్లు ఎండిన ఏడు ఎన్ని చెట్లు కట్టెల కింద పోయాయో మాకు తెలుసు. ఆ సంగతి ప్రార్థనలో చెప్పడానికి వీలుండేది కాదు.

ఉదయం మొదటి బస్సుకు వెళ్తే సాయంత్రం ఆరు దాకా బడిలోనే గడిచేది. ఆడపిల్లలకు పదో తరగతి దాకా ఆర్టీసీ ఉచిత పాసు ఉండేది. ఆ పాసును ప్లాస్టిక్ కవరులో పెట్టి, చెమటకు ఫోటో చెరిగిపోకుండా పుస్తకంలో దాచుకునేవాళ్లం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లందరికీ బస్సు ఉచితమై కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇస్తున్నాడు కాబట్టి, ఇప్పటి పిల్లలకు ఆ పాసు కోసం బోనఫైడ్ సర్టిఫికెట్ పట్టుకుని కౌంటరు ముందు నిలబడటం అంటే ఏమిటో తెలియదు. సాయంత్రం ప్రత్యేక తరగతికి ముందు ఉడికించిన శనగలో, తాలింపు పెట్టిన అటుకులో పెట్టేవారు. మధ్యాహ్న భోజనం పళ్లాలు అప్పటికే కడిగి బోర్లించి ఉండేవి కాబట్టి నోటుబుక్కులోంచి చించిన కాగితంలో పెట్టుకుని తినేవాళ్లం. నూనె మరకలు పడిన ఆ కాగితాల మీద ఎవరివో ఒకరివి వర్గసమీకరణాలు ఉండేవి.

తెల్లవారుజామున నాలుగున్నరకు లెక్కల సారు నుంచి మిస్డ్ కాల్ వచ్చేది. నాయిన దగ్గరున్న చిన్న బటన్ల ఫోను గోడకున్న మొలకు వేలాడుతూ చీకట్లో మోగేది. మేము లేచినట్టు గుర్తుగా తిరిగి ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. మా అమ్మకు చదువు రాదు, అయినా ఆ ఫోనులో సారు నంబరు మీద రెండుసార్లు పచ్చ బటను నొక్కి, రెండు రింగులు కాగానే ఎర్ర బటను నొక్కడం ఆమె నేర్చుకుంది. చాలా రోజులు ఆమె సారుకు మిస్డ్ కాల్ ఇచ్చి, నన్ను ఇంకో అరగంట పడుకోనిచ్చి, పొయ్యి మీద నీళ్లు కాగిన తర్వాత లేపేది.

అప్పుడు పదో తరగతికి పదకొండు పేపర్లు ఉండేవి. హిందీ ఒక్కటే ఒక పేపరు, మిగిలిన సబ్జెక్టులన్నీ రెండేసి. ప్రతి పేపరులో చివరి అరగంటకు బిట్ పేపరు ఇచ్చేవారు. ఇప్పుడు అవి ఆరు పేపర్లయ్యాయి. మార్కులు చెప్పేవారు కాదు, గ్రేడులే. ఫలితాల రోజున హాల్‌టికెట్ నంబర్లు చీటీ మీద రాసుకుని మండల కేంద్రంలోని ఇంటర్నెట్ సెంటరు ముందు గుమిగూడితే, లోపలున్న అబ్బాయి ఒక్కో నంబరు కొట్టి గ్రేడుల సగటు, అంటే జీపీఏ ఎంతో గట్టిగా చదివేవాడు. ఊరందరి ముందు అలా చదవడం ఎంత అన్యాయమో అప్పుడు ఎవరికీ తోచలేదు.

*

బస్సులో ఇదంతా తిరిగి గుర్తుకు రావడానికి పూత ఒక్కటే కారణం కాదు. 2007లో నల్లగొండలో మొదలైన మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలో నేను రసాయనశాస్త్రంలో పీజీ చదువుతున్నాను. మా జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) శిబిరంలో భాగంగా పక్క ఊరి ఉన్నత పాఠశాలలో పదో తరగతి పిల్లలతో మాట్లాడాలని, మీ పదో తరగతి నాటి మీకు మీరే ఏం చెప్పుకుంటారో అది చెప్పండని మా సారు అన్నారు. ఆ రాత్రి హాస్టల్ గదిలో అందరం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. మొదట అందరూ రాసింది ఒక్కటే: కష్టపడి చదవండి, సెల్‌ఫోన్‌కు దూరంగా ఉండండి, తల్లిదండ్రుల పేరు నిలబెట్టండి. నా పక్క మంచం అమ్మాయి ఆ కాగితం చదివి, ఇదంతా మనకు ఆ రోజుల్లో రోజూ చెప్పినవాళ్లు ఉన్నారు కదా, చెప్పనిది ఏంటో అది రాద్దామంది. అప్పుడు మొదలైన మాటలు అర్ధరాత్రి దాటినా ఆగలేదు.

ఆమెది నారాయణపేట వైపు. తల్లిదండ్రులు ఏడాదిలో ఎక్కువ కాలం వలసలో, పుణె దగ్గర బిల్డింగు పనుల్లో ఉండేవారు. ఈమె, తమ్ముడు నాయనమ్మ దగ్గర పెరిగారు. పాలమూరు నుంచి వలస వెళ్లినవాళ్ల గురించి పత్రికల్లో చాలా చదువుతాం గానీ, వెనక మిగిలిన పిల్లల బడి కాగితాల మీద ఎవరు సంతకం పెడతారన్నది ఎక్కడా చదవము. పదో తరగతిలో బోర్డు పరీక్షకు వివరాలు పంపే నామినల్ రోల్స్ నింపేటప్పుడు తండ్రి సంతకం ఉండాల్సిన చోట తన కాగితం మీద నాయనమ్మ వేలిముద్ర పడిందని ఆమె చెప్పింది. సిరా ఎక్కువై ఆ ముద్ర పేరు మీదికి పాకిందట. కింద ఉన్న అక్షరాల్లో ఒకటి కనిపించలేదు. రేపు మార్కుల మెమో మీద పేరు ఎలా వస్తుందో అడగాలన్న ఆలోచన పిల్లకు గానీ ముసలామెకు గానీ ఎలా వస్తుంది? డిగ్రీలో స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు ఆధార్‌లో ఒక పేరు, మెమోలో ఒక అక్షరం తక్కువున్న పేరు ఉన్నాయని తేలింది. ఆ ఒక్క అక్షరం కోసం పాత బడికి, అక్కడి నుంచి జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి, మీసేవకు ఎండలో తిరిగిన సంగతి చెప్పేటప్పుడు ఆమె నవ్వుతూనే చెప్పింది.

నామినల్ రోల్స్ మాట రాగానే గదిలో అందరికీ పుట్టుమచ్చల రోజు గుర్తుకొచ్చింది. పదో తరగతి మెమో మీద గుర్తింపు చిహ్నాలుగా రెండు పుట్టుమచ్చలు రాయాలి. మా క్లాసులో ఆ రోజు పాఠం జరగలేదు. టీచర్ ఒక్కొక్కరినీ పిలిచి మోచేతులు తిప్పి, మెడ వంచి, చెవి వెనక చూసి, ఇంగ్లీషులో ఒక వాక్యం రాసేవారు. కొందరి ఒంటి మీద ఎంత వెతికినా ఒక్కటే దొరికేది. అలాంటప్పుడు మోకాలి మీద సైకిల్ దెబ్బ మచ్చ పనికొచ్చేది. ఒక అబ్బాయికి ఒక్కటీ దొరకకపోతే వెనక బెంచీవాళ్లు పెన్నుతో చుక్క పెట్టి పంపించారు. టీచర్ వేలితో రుద్ది చూసి వాడి వీపు మీద ఒక్కటి వేసి, చివరికి కనుబొమ్మ దగ్గర చిన్న గాటు వెతికి పట్టుకున్నారు. పుట్టిన తేదీకి జీవితాంతం అడిగే కాగితం అదేనని, పాస్‌పోర్టు దగ్గర, ఉద్యోగం దగ్గర దాన్నే చూస్తారని ఆ రోజు మాకు తెలిసి ఉంటే అంత నవ్వేవాళ్లం కాదేమో. అయినా నవ్వినందుకు ఇప్పుడు బాధ లేదు. తెలియజేయాల్సిన పని పెద్దవాళ్లది.

*

ఆ రాత్రి మాటల్లో నాకు అర్థమైంది ఇదే. మేము తెలివి తక్కువగా ఏదీ ఎంచుకోలేదు. ఎంచుకోవడానికి ఏమేం ఉన్నాయో మా ఇళ్లకు చేరలేదు. చేరినవి కూడా పద్ధతి ప్రకారం కాక, ఎవరో ఒక మనిషి దారిన పోతూ చెప్పడం వల్ల చేరాయి. మా క్లాసు అబ్బాయి ఒకడు పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరాడంటే, మా రూటు బస్సు కండక్టరు కొడుకు అప్పటికే అందులో ఉండడమే కారణం. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చని కండక్టరు టికెట్లు కొడుతూ చెప్పిన మాట వాడి దారి మార్చింది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అప్పటి మా నల్లగొండ జిల్లాలోని సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైందని, పేద పిల్లలు ప్రవేశ పరీక్ష రాసి అందులో చేరి పెద్ద ఉద్యోగాలకు వెళ్లారని అందరూ గొప్పగా చెబుతారు. కానీ మా ఊళ్లో ఆ పరీక్షకు దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో చెప్పగలిగింది అక్కడ చదివి వచ్చిన ఒకే ఒక్క అన్న. ఆయన సెలవుల్లో ఊళ్లో ఉన్న ఏడు ఇద్దరు పిల్లలు దరఖాస్తు పెట్టేవారు, ఆయన రాని ఏడు ఒక్కరూ పెట్టేవారు కాదు.

ఎన్ఎంఎంఎస్ పరీక్ష సంగతీ అంతే. ఎనిమిదో తరగతిలో రాసే ఆ పరీక్షలో నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా కేంద్ర ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇస్తుంది. మొదట ఏడాదికి 6,000 రూపాయలుండేది, తర్వాత 12,000 చేశారు. మా బడిలో సైన్సు సారు పట్టుబట్టి ఫారాలు నింపించారు కాబట్టి మా బ్యాచులో రాసినవాళ్లు ఉన్నారు. మా గదిలోనే వేరే బడి నుంచి వచ్చిన ఇద్దరు ఆ పేరును మొదటిసారి డిగ్రీలో విన్నారట. ఏడాదికి పన్నెండు వేలంటే కూలికి వెళ్లే ఇంట్లో ఆడపిల్ల చదువు ఆపాలా వద్దా అన్న వాదన మొదలు కాకుండా చేసే డబ్బు.

బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి గ్రేడుతోనే సీటు వచ్చేదని, ప్రభుత్వ బడి పిల్లలకు జీపీఏకు 0.4 కలిపేవారని మా రోజుల్లో మా బడి గోడ మీద ఎక్కడా రాసి లేదు. గోడల మీద ఉన్నవి వేరే. ఫలితాలు రాకముందే హైదరాబాదు కాలేజీల పీఆర్వోలు మోటారు సైకిళ్ల మీద ఊళ్లలోకి దిగేవారు. వాళ్లలో ఒకాయన మా ఇంటి అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, ర్యాంకుల ఫోటోలున్న రంగుల కాగితం మా నాయిన చేతిలో పెట్టాడు. తపాలా బిళ్లలంత ముఖాలు వందకు పైగా ఉన్న ఆ కాగితాన్ని నాయిన చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందుల మా దిక్కు పిల్లలెవరైనా ఉన్నరా సారూ?" అని అడిగాడు. ఆయన ఒక ఫోటో మీద వేలు పెట్టి సూర్యాపేట అన్నాడు. "సూర్యాపేట మా దిక్కు ఎట్లయితది?" అని నాయిన కాగితం మడిచి ఇచ్చేశాడు. పీఆర్వో వెళ్లిన తర్వాత ఊళ్లో ఇద్దరు ముగ్గురు అడ్వాన్సు కట్టారని తెలిసింది. అలా వెళ్లినవాళ్లలో ఒకామె ఇప్పుడు మా గదిలోనే ఉంది. తెల్లవారుజామున మొదలై రాత్రి పదింటికి ముగిసే స్టడీ అవర్లు, వారానికొకసారి గోడ మీద అంటించే ర్యాంకుల జాబితా, ఆదివారం ఫోను కోసం మెట్ల మీద లైను, ఇవన్నీ ఆమె చెబుతుంటే, ఎంసెట్‌లో మూడు గంటల్లో చేయాల్సిన నూట అరవై ప్రశ్నల కోసం రెండేళ్ల బతుకును అంత ఇరుకు చేయాలా అనిపించింది. ఆమెకు మాత్రం ఆ చదువు మీద కోపం లేదు. పదో తరగతి నాటి తనకు ఒకటే చెబుతానంది: "జరమొస్తే ఇంటికి ఫోన్ చెయ్, మార్కులు తగ్గినందుకు కూడా చెయ్, నాయిన తిట్టడు."

*

మా గదిలో చిన్నది డిగ్రీ చదివే అమ్మాయి. 2021లో పదో తరగతి పరీక్షలు రద్దయి అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించిన బ్యాచు ఆమెది. మేమంతా ప్రత్యేక తరగతులు, మిస్డ్ కాల్స్ అంటూ తలచుకుంటుంటే ఆమె చాలాసేపు ఊరికే విన్నది. ఆమె పదో తరగతి 2020 సెప్టెంబరులో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్ల పాఠాలతో మొదలైంది. ఇంట్లో టీవీ ముందు మంచం పట్టిన తాత ఉండేవాడట. పాఠం మధ్యలో ఆయనకు వార్తలు కావాలి. స్మార్ట్‌ఫోను ఒక్కటే, అది అన్నతో పాటు పనికి వెళ్లిపోయేది. పరీక్ష రాయకుండానే పాసయ్యారని ఇంటర్‌లో లెక్చరర్లు వెక్కిరించేవారని, తనకు నిజంగా ఏదీ రాదేమోనన్న భయం డిగ్రీ రెండో సంవత్సరం దాకా పోలేదని చెప్పింది. ఆమె రాసుకున్న కాగితం మీద ఒకే వాక్యం ఉంది: పరీక్ష రద్దయింది నీ వల్ల కాదు.

*

పెళ్లి మాట ఎత్తింది ఎవరో గుర్తు లేదు. ప్రతి ఒక్కరి క్లాసులోనూ పదో తరగతి తర్వాత కనిపించకుండా పోయిన ఒక అమ్మాయి ఉంది. మా క్లాసులో లెక్కల్లో అందరికంటే ముందుండే అమ్మాయికి ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలోనే సంబంధం కుదిరింది. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కళ్యాణలక్ష్మి డబ్బు రావాలంటే అమ్మాయికి పద్దెనిమిది నిండాలన్న నిబంధన ఉంది కాబట్టి కొన్ని ఇళ్లలో పెళ్లి ఆగిన మాట నిజమే. ఆమె ఇంట్లో మాత్రం నిశ్చితార్థం ముందు చేసి, కాలేజీ మాన్పించి, పద్దెనిమిది నిండేదాకా ఎదురుచూశారు. ఈసారి సెలవులో బస్సు దిగి నడుస్తుండగా ఆమె ఎదురైంది. చంకలో పిల్లాడున్నాడు. మా శిబిరం సంగతి చెప్పి, పదో తరగతి నాటి నీకు నువ్వేం చెప్పుకుంటావని అడిగాను.

"నాకా?" అని నవ్వింది. "నేను నాకేం చెప్పుకుంటే ఏమైతది? అప్పుడు నా మాట ఎవరు వింటుండె? చెప్తే మా నాయినకు చెప్పాలె."

ఆ తర్వాత తన కొడుకును ఏ బడిలో వేస్తే బాగుంటుందో అడిగింది, అంగన్‌వాడీలో ఇంగ్లీషు చెబుతున్నారో లేదో అడిగింది, మా పీజీకి ఫీజు ఎంతో అడిగింది. దూరవిద్యలో ఇంటర్ కట్టవచ్చని, ఓపెన్ స్కూల్ ఉందని నేను చెబితే, ఆ పేరు నా చేత తన ఫోనులో టైపు చేయించుకుంది.

హాస్టల్‌కు తిరిగి వచ్చాక ఆమె మాటను మా సారుకు చెప్పి, బడికి వెళ్లే రోజు తల్లిదండ్రులను కూడా పిలిపించమని అడిగాం. పిలిస్తే వచ్చినవాళ్లు కొద్దిమందే. మిరప తోటల్లో కోతలు నడుస్తున్న రోజులవి. వచ్చిన తల్లులు వెనక గోడకు ఆనుకుని, కొంగులు సర్దుకుంటూ నేల మీదే కూర్చున్నారు. మేము కుర్చీలు వేస్తే, ఫరవాలేదు బిడ్డా అని కదలలేదు. ఇంటర్ గ్రూపుల గురించి, పాలిసెట్ గురించి, బాసర గురించి, మెమోలో పేరు గురించి నల్లబల్ల మీద రాసి చెప్పాం. పిల్లల కంటే ఆ తల్లులే ఎక్కువ శ్రద్ధగా విన్నారు. ఒకామె తన కూతురి నోటుబుక్కు ముందుకు జరిపి, రాసుకోవే అని మోచేత్తో పొడిచింది.

ఏమైనా అడగండి అనగానే మొదటి ప్రశ్న హాస్టల్‌లో ఫోను ఉంచుకోనిస్తారా అన్నది. రెండోది మెస్సులో చికెన్ వారానికి ఎన్నిసార్లు పెడతారన్నది. మూడోది, మీరు ఇంకా ఎందుకు చదువుతున్నారు, ఉద్యోగం రాలేదా అని ఒక అబ్బాయి నిజాయితీగా అడిగాడు. దానికి మా దగ్గర సరైన జవాబు లేక ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

నారాయణపేట అమ్మాయి నామినల్ రోల్స్ సంగతి మళ్లీ ఎత్తి, మీ పేరు, నాయిన పేరు, పుట్టిన తేదీ ఒక్కో అక్షరం సరిచూసుకున్నారా, సంతకం పెట్టేముందు చదివారా అని అడిగింది. మూడో వరుసలో రెండు జడల పిల్ల లేచి నిలబడి, తన చొక్కా చేతిని మోచేతి దాకా మడిచి చూపించింది.

"అక్కా, నాకు మచ్చ ఈ చేతికి ఉన్నది. టీచర్ కుడి చెయ్యి అని రాసిన్రు. నేను కాదు టీచర్, ఇది ఎడమ చెయ్యి అన్న. కొట్టేసి మళ్ల రాసిన్రు. మా నాయిన పేరుల కూడా ఒక హెచ్ ఎక్కువుండె, అది గూడ తీపిచ్చిన."

క్లాసంతా గొల్లుమంది. వెనక గోడ దగ్గర కూర్చున్న తల్లుల్లో ఒకామె, "అది గంతే, ఇంట్ల గూడ గట్లనే అడుగుతది" అంది.